తుపాకిరాముడు వార్తలు చదివితే

రోజుకు ఇరవైనాలుగు గంటలని బ్రహ్మదేవుడికి తెలుసు, గడియారాలు బాగుచేసేవాడికీ తెలుసు. తెలియనిదల్లా, ఆ ఇరవైనాలుగు గంటలూ చెప్పడానికి సరిపడా వార్తలు లోకంలో జరుగుతాయా అన్నదే. జరగవని వెనకటి పత్రికలవాళ్ళ నమ్మకం. జరక్కపోతే జరిపించవచ్చునని ఇప్పటి టీవీలవాళ్ళ ధైర్యం.

1980 జూన్ 1న అమెరికాలో సి.ఎన్.ఎన్. అనే సంస్థ రాత్రింబగళ్ళు వార్తలే చెప్పడం మొదలుపెట్టింది. ఆ గాలి తెలుగుదేశాన్ని తాకేసరికి 2004 అయింది. టీవీ9 వెలిసింది, దాని వెనుకే తక్కినవీ బారులు తీరాయి. పది నిమిషాల ముచ్చటను పొద్దుగూకేదాకా సాగదియ్యడమంటే మాటలా? అందుకని ఒకే బొమ్మను నలభైసార్లు తిప్పడం, కింద ఎర్రపట్టీ పరుగెత్తించడం, వెనక ఢమఢమమని సంగీతం, మధ్యన నలుగురు పెద్దమనుషులను నాలుగు గళ్ళలో కూర్చోబెట్టి ఒక్కసారే అరిపించడం, ఇలాంటి వంటకాలన్నీ పుట్టాయి.

ఇంత ఆర్భాటం చేసేవాణ్ణి చూస్తే వెక్కిరించబుద్ధి కాక ఏమవుతుంది? 1994లో బి.బి.సి.లో క్రిస్ మారిస్ బృందం ‘ది డే టుడే’ అని ఆరు భాగాల హాస్యం నడిపింది. అందులో వార్త పూజ్యం. వార్త చదివే గాంభీర్యం మాత్రం నూటికి నూరుపాళ్ళు. 2002లో ఆస్ట్రేలియాలో ‘చేజర్’ అనే బృందంవారు సి.ఎన్.ఎన్. పేరుకు మరి రెండు ‘ఎన్’లు తగిలించి, సి.ఎన్.ఎన్.ఎన్.ఎన్. అని ఏకంగా ఒక దొంగ వార్తాసంస్థనే తెరమీద పెట్టారు. వాళ్ళందరి కిటుకూ ఒకటే: కోటు తొడుక్కుని కోటును వెక్కిరించడం.

మనవాళ్ళు ఇంకో దారి పట్టారు. కోటు విప్పి అవతల పారేశారు.

2012లో వి6 అనే వార్తల ఛానెల్ వచ్చింది. అందులో ‘తీన్మార్ వార్తలు’ అని ఒక కార్యక్రమం. తీన్మార్ అంటే డప్పు దరువు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఒకప్పుడు వార్త అంటే డప్పే గదా! పన్ను కట్టమన్నా, ఎడ్లు తప్పిపోయినా, జాతర దగ్గరపడినా డప్పు చాటింపుతోనే ఊరికి తెలిసేది. ఆ దరువునే తెచ్చి టీవీలో కూర్చోబెట్టారు. మల్లన్న అనే వేషంలో ఒకాయన ఊళ్ళో అరుగుమీద మాట్లాడినట్టే వార్తలు చెప్పాడు. తరవాత సావిత్రి వేషంలో శివజ్యోతి, ఆవిడ చేత చీవాట్లు తింటూ ‘బిత్తిరి సత్తి’ వేషంలో చేవెళ్ళ దగ్గరి పామెన వాస్తవ్యుడు రవికుమార్. ఇల్లిల్లూ పని ఆపి చూసింది.

ఇది కొత్త విద్య అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఖాకీ బట్టలు, నెత్తిన దొర టోపీ, భుజాన కట్టె తుపాకి వేసుకుని పిట్టలదొర ఊళ్ళోకి వచ్చేవాడు. తుపాకిరాముడన్నా అతనే. తనకు లేని కోటలు చూపించేవాడు, తనది కాని భూములు ఎకరాల లెక్కన దానం చేసేవాడు. అన్నీ అబద్ధాలేనని చిన్నపిల్లలకు సైతం తెలుసు. ఆ అబద్ధాల నడుమ దొరమీదా, పట్వారీమీదా ఒక నిజం జారవిడిచేవాడు. నవ్వుతూ అన్నాడు గనుక వాళ్ళూ నవ్వవలసి వచ్చేది. 2019లో సత్తి కథానాయకుడుగా వచ్చిన సినిమాకు ‘తూటా రాముడు’ అనో ‘బాంబు రాముడు’ అనో కాక ‘తుపాకి రాముడు’ అనే పేరు పెట్టారంటే, ఆ వంశవృక్షం వాళ్ళకూ తెలుసునన్నమాటే.

అదలా ఉంచి, 2014 సంగతికి వద్దాం. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. కొత్త శాసనసభ్యులు ప్రమాణాలు చేశారు. ఆ తతంగం మీద టీవీ9 తన ‘బుల్లెట్ న్యూస్’ అనే వ్యంగ్య కార్యక్రమంలో వెటకారం చేసింది. కల్లు ప్రస్తావన తెచ్చి, వీళ్ళకు ఆధునిక వస్తువుల ముఖమే తెలియదన్న ధోరణిలో సాగిందది. సభ భగ్గుమన్నది. ఆ కార్యక్రమాన్ని ఖండించి, చర్య తీసుకునే అధికారాన్ని సభాపతికి అప్పగించింది. ఛానెల్ వారు విచారం తెలిపారు. అయినా జూన్ 16 నుంచి తెలంగాణలో కేబుల్ వాళ్ళు ఆ ఛానెల్‌నీ, దానితోపాటు ఏ.బి.ఎన్. ఆంధ్రజ్యోతినీ నెలల తరబడి నిలిపివేశారు.

ఒకే కాలం, ఒకే యాస, ఒకే కల్లు. వి6లో అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. టీవీ9లో అంటే తీగలు తెగాయి. ఎందుకని? ఇంటి ఆడపడుచు “ఏందిరా నీ అవతారం” అంటే తమ్ముడు తల దువ్వుకుంటాడు. అదే మాట అద్దె అడగవచ్చిన ఇంటి యజమాని అంటే కయ్యమే. హాస్యానికి మాటకన్నా మాట ఎక్కడినుంచి వచ్చిందన్నది ముఖ్యం. వెక్కిరింత తప్పేనని నేనూ అంటాను. కాని వెక్కిరింతకు మందు తీగ కత్తిరించడం కాదు. పిట్టలదొర మాట మింగుడుపడని దొర కూడా అతని తుపాకి విరిచెయ్యలేదు. అది కట్టె తుపాకి అని ఎరుగును గనుక.

కాలం చేసిన హాస్యం ఇంకా పెద్దది. ఈ గొడవ జరిగిన అయిదేళ్ళకు, 2019లో, బిత్తిరి సత్తి వి6 వదలి చేరినది మరెక్కడో కాదు, టీవీ9లోనే! ఏ మాటతీరు మీద విసురు విసిరి చిక్కులో పడ్డారో, ఆ మాటతీరునే పిలిచి పీట వేశారు.

ఇక మల్లన్న కథ నల్లగొండ వారికి చెప్పనక్కరలేదు. అసలు పేరు చింతపండు నవీన్. ఉమ్మడి నల్లగొండ జిల్లా తుర్కపల్లి మండలం మాధాపురం మనిషి. వేషం విప్పినా పేరు వదలలేదు, ‘తీన్మార్’ ఇంటిపేరయి కూర్చుంది. వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల స్థానంలో 2021లో స్వతంత్రుడుగా నిలిచి రెండో స్థానంలో ఆగాడు. 2024 జూన్‌లో ఉపఎన్నికలో కాంగ్రెసు తరపున గెలిచి శాసనమండలిలో అడుగుపెట్టాడు. ఆయన రాజకీయం మంచిచెడ్డలు ఆయన ఓటర్లు చూసుకుంటారు. నా సందేహం వేరు. పెద్దలను వెక్కిరించిన మనిషి తానే పెద్ద అయితే, ఆయనను వెక్కిరించే మనిషి ఎక్కడున్నాడు? వేషం ఖాళీగా ఉండకూడదు. ఒకరు విప్పగానే ఇంకొకరు తొడుక్కోవాలి. లేకపోతే ఊరికి నవ్వూ పోతుంది, నిజమూ పోతుంది.

అంతకన్నా పెద్ద సందేహం ఇంకొకటున్నది. మర్రిగూడలో ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుము వంగిన అవ్వ కెమెరా ముందు తన యాసలో గోడు చెప్పుకుంటే మనం కళ్ళు తుడుచుకుంటాం. అదే యాస వార్తలు చదివేవారి నోట వస్తే పెదవి దానంతటదే విచ్చుకుంటుంది. ఏడుపుకు పనికివచ్చింది, నవ్వుకు పనికివచ్చింది. మధ్యనున్న మామూలు వార్తకు మాత్రం ఎందుకు పనికిరాలేదు? సినిమాల్లో చాలాకాలం దుండగులకూ హాస్యగాళ్ళకూ కట్టబెట్టిన ఆ మాటను తీన్మార్ వార్తలు సింహాసనం దాకా తెచ్చాయి. అది ఘనకార్యమే. కాని తెచ్చి, విదూషకుడి పీటమీదనే కూర్చోబెట్టాయి. ప్రధాన వార్తలు నేటికీ పుస్తకపు తెలుగులోనే.

అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో ఒక ఆడపిల్ల పట్నం వచ్చి, ఏ వేషమూ కట్టకుండా, ఎవరిచేతా చీవాట్లు తినకుండా, బడ్జెట్టు సంగతులు తన ఇంటి మాటలో చదవాలి. విన్నవాళ్ళు నవ్వకుండా, “అట్లనా! ఈసారి మన కాలువకు ఎంత ఇచ్చిన్రు?” అని అడగాలి. ఆ రోజున తుపాకిరాముడు గెలిచినట్టు. అందాకా ఆ కట్టె తుపాకిని భద్రంగా ఉంచండి. పేలకపోయినా, పెద్దలు దానికి జడుస్తూనే ఉన్నారు.