సువర్ణరేఖ నత్తగుల్లల మీద హక్కు ఎవరిది?

దోముహానీ దగ్గర ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలుస్తుంది. ఈ నదుల ఒడ్డున నత్తగుల్లలు, ఆల్చిప్పలు ఏరి బతికే ఆడవాళ్ళున్నారు. ఎక్కువమంది సంతాల్, హో ఇళ్ళవాళ్ళు. ఏరినవాటిని రాత్రంతా మంచినీళ్ళలో ఉంచి బురద కక్కించి, మర్నాడు సంతలో కుప్పలు పోసి అమ్ముతారు. కొనేవాళ్ళలో మేమూ ఉన్నాం. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి జంషెడ్‌పూర్ వచ్చారు, నత్తల కూర రుచి వెంట తెచ్చుకున్నారు. తిని చేతులు కడుక్కుంటే ఇక కుదరదు.

నదిలో నత్తకు యజమాని లేడు. అదే దాని చావుకొచ్చింది. చిన్నవాటిని ఈ ఏడు వదిలేస్తే పెద్దయ్యాక తనకే దొరుకుతాయన్న భరోసా ఏరే మనిషికి లేదు. అలాంటి ఆమెకు పొదుపు పాఠాలు చెప్పడానికి మనకు మొహం చెల్లదు. ముందు హక్కు, తర్వాతే నియమం.

ఇది మా బుర్రలో పుట్టిన ఆలోచనేం కాదు. పులికాట్ సరస్సులో జాలర్లు రొయ్యల తావులను ‘పాడు’ కట్టుతో వంతులవారీగా పంచుకుంటారు. కేరళ అష్టముడి కాయల్‌లో గుల్లలు తరిగిపోతే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తీత ఆపారు. 2014లో ఆ వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ గుర్తింపు వచ్చింది. దేశంలో అదే మొదటిది.

మా తూర్పు సింహభూమ్ ఐదో షెడ్యూలు జిల్లా. చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంది షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు 1996లో చేసిన చట్టం, పెసా. అడవి ప్రాంతాల్లో చేపలతో పాటు నీటిలో దొరికే తక్కిన వాటి మీదా ఉమ్మడి హక్కు ఇచ్చింది 2006 అటవీహక్కుల చట్టం. నత్త ఆ తక్కినవాటిలోదే అని మా వాదన.

కాబట్టి రేవు రేవుకూ ఏరేవాళ్ళ జాబితా గ్రామసభ రాయాలి. అందులో ఆడవాళ్ళ పేర్లే ఉండాలి, మొగుళ్ళవి కాదు. చెరువులకు వేలం పాడినట్టు నదిమడుగులను కాంట్రాక్టరుకు కట్టబెట్టొద్దు. ఏరేవాళ్ళ హక్కు అమ్ముడుపోకూడదు. వానలు పడగానే పెద్ద నత్తలు ఒడ్డు తడిమట్టిలో తెల్లటి గుత్తులుగా గుడ్లు పెడతాయి. అప్పుడు ఏరడం ఆపాలి. ఎన్నాళ్ళన్నది ఏరేవాళ్ళే తేల్చాలి. ఆంధ్రలో సముద్రవేట ఆగిన 61 రోజులకు జాలర్లకు భృతి ఇస్తున్నారు కదా, ఇక్కడా ఇవ్వాలి.

నీళ్ళలో విషం కలిపి చేపలు పట్టడం 1897 చట్టం నాటి నుంచీ నేరమే. మురుగు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆల్చిప్ప నీటిని వడకట్టి తింటుంది, నీటిలోని లోహాలు దాని కండలో పేరుకుంటాయి. రేవుల్లో నీటిపరీక్షలు జరగాలి, ఫలితాలు సంతగోడ మీద సంతాలీ, హిందీ, బంగ్లా, తెలుగుల్లో కనబడాలి. నీళ్ళు చెడ్డవని తేలితే ఏరేవాళ్ళ బుట్టలు లాక్కుని ఊరుకోవద్దు. ఆ మురుగు వదిలినవాళ్ళ దగ్గరే ఏరేవాళ్ళ నష్టం వసూలు చెయ్యాలి.