టికెట్ లెక్క పైకి పోతుంది, ప్రమాదం మాట పోదు

2018 సెప్టెంబర్ 11, మంగళవారం. కొడిమ్యాల మండలం శనివారంపేట నుంచి జగిత్యాలకు బయలుదేరిన ఆర్టీసీ బస్సు మల్యాల మండలంలోని కొండగట్టు ఘాట్ రోడ్డు మీద లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. పదేళ్ళు దాటిన బస్సు, సీట్లకు దాదాపు రెట్టింపు జనం. డ్రైవరు కూడా బతకలేదు. డీజిలు పొదుపు చేసినందుకు నెల కిందటే, ఆగస్టు 15న, అతను ఉత్తమ డ్రైవరుగా బహుమతి అందుకున్నాడని పత్రికలు రాశాయి.

తర్వాత జరిగింది మనకు తెలిసిన తంతే. నష్టపరిహారం ప్రకటించారు, డిపో మేనేజరును సస్పెండ్ చేశారు. డ్రైవరు తప్పా, బ్రేకుల తప్పా అని కొన్నాళ్ళు చర్చించారు. దేవుడి గుట్ట కనుక విధి అన్నవాళ్ళూ ఉన్నారు. డీజిలు ఎంత మిగిలిందో డిపో దాకా, అక్కడి నుంచి బహుమతి వేదిక దాకా వెళ్ళింది. మరి ఆ బస్సులో రోజూ నిలబడి ప్రయాణించిన ఆడవాళ్ళ భయం ఎక్కడిదాకా వెళ్ళింది? ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

ఆర్టీసీలో లోపం చెప్పే పద్ధతి లేదని కాదు. బస్సు డిపోకు తిరిగొచ్చాక డ్రైవరు లాగ్ షీటులో రాస్తాడు, మెకానిక్కు చూస్తాడు. కానీ ఆ రాత బాగుచేసే విభాగం గోడ దాటదు. బస్సు ఆపితే ట్రిప్పు పోతుంది, ట్రిప్పు పోతే ఆదాయం పోతుంది, ఆ సంజాయిషీ కింది మనిషే ఇచ్చుకోవాలి. ఇక కండక్టరుకు రాసే కాగితం టికెట్ల లెక్కకు సంబంధించిందే. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న జనాన్ని రోజంతా చూసేది ఆమె. లోపలికి జరగండమ్మా అని గొంతు పోయేలా అరిచేదీ ఆమే. తిట్లూ, మీద పడే చేతులూ ఆమెకే. మరుగుదొడ్డి లేని చివరి స్టేజీలో నీళ్ళు తాగకుండా డ్యూటీ చేసేదీ ఆమే. వీటిలో ఏ ఒక్కదాన్నీ మన వ్యవస్థ ప్రమాదం అని పిలవదు. ఆమె 'ఇబ్బంది' అంటుంది, వాళ్ళు 'సర్దుకో' అంటారు.

2019లో కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. సమ్మె ముగిశాక మహిళా ఉద్యోగుల డ్యూటీ రాత్రి 8 గంటలలోపు ముగుస్తుందని హామీ వచ్చింది. ఆ చేత్తోనే సంఘాలను పక్కకు నెట్టి సంక్షేమ మండళ్ళు పెట్టారు. రక్షణ ఇస్తాం, నోరు మాత్రం ఇవ్వం అనడమే ఇది. ఆడవాళ్ళ విషయంలో ఈ బేరం మనకు కొత్తది కాదు.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆడవాళ్ళు ఉచితంగా ఎక్కి బస్సులు నింపేస్తున్నారన్న ఎగతాళి అప్పటినుంచీ వింటూనే ఉన్నాం. కొండగట్టు బస్సు నిండింది టికెట్టు కొన్న జనంతోనే అని వాళ్ళకు గుర్తు చేయాలి. కిక్కిరిసిన బస్సుకు కారణం ఎక్కిన ఆడమనిషి కాదు, వేయని రెండో బస్సు. ఇంకో సంగతి కూడా ఉంది. ఉచితంగా ఎక్కిన ప్రతి మహిళకూ కండక్టరు జీరో టికెట్ ఇస్తుంది. ప్రభుత్వం నుంచి డబ్బు రాబట్టుకోవడానికి ఆ లెక్క జాగ్రత్తగా పైకి పంపుతారు. అంటే ఏ ట్రిప్పులో, ఏ స్టేజీ మధ్య, సీట్లకు మించి ఎంతమంది ఉన్నారో యంత్రంలోనే ఉంది. దాన్ని బిల్లుగా చదువుతున్నారు, హెచ్చరికగా చదవడం లేదు.

1999లో లండన్‌లో లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొని 31 మంది చనిపోయారు. ఎర్ర సిగ్నలు దాటిన డ్రైవరూ చనిపోయాడు. కానీ విచారణ అతని దగ్గర ఆగలేదు. అదే సిగ్నలును అంతకుముందు ఆరేళ్ళలో ఎనిమిదిసార్లు డ్రైవర్లు పొరపాటున దాటారని బయటపడింది. 1996లో స్కాట్లండ్‌లో మొదలైన, పేరు బయటపెట్టకుండా ఉద్యోగులు ప్రమాదాలు తెలియజేసే ఏర్పాటును ఆ తర్వాతే దేశమంతటికీ విస్తరించారు. చెప్పినవాళ్ళ పేరు యాజమాన్యానికి తెలియదు, జవాబు మాత్రం యాజమాన్యం ఇవ్వాలి.

మన దగ్గర 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్, ప్రాణాపాయం కనిపిస్తే యజమానికీ ఇన్‌స్పెక్టరుకూ ఒకేసారి తెలియజేసే హక్కు కార్మికులకు ఇచ్చింది. యజమాని ఒప్పుకోకపోతే తేల్చేది ఇన్‌స్పెక్టరు. అయితే ఆయన తేల్చేలోగా బ్రేకులు పట్టని బస్సును డ్రైవరు ఆపేయవచ్చా? అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒప్పందం 1981లోనే తగిన కారణంతో అలా తప్పుకున్నవారికి రక్షణ ఉండాలన్నది. మన కోడ్ ఆ మాట స్పష్టంగా అనదు. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం పని స్థలానికి వచ్చే బయటివారి నుంచి కూడా ఉద్యోగినికి భద్రత కల్పించమంటుంది. ఆ లెక్కన ప్రయాణికుడి చెయ్యి కూడా యాజమాన్యం జవాబు చెప్పాల్సిన ప్రమాదమే. ఈ చట్టం పేరుతో ఎన్ని బస్సుల్లో ఒక్క కాగితమైనా అతికించారో ఈసారి ఎక్కినప్పుడు చూడండి.

అందుకే కండక్టరు రాసిన ఫిర్యాదుకు రసీదు కావాలి. జవాబును డిపో నోటీసు బోర్డు మీద పెట్టాలి. భద్రతా కమిటీలో మహిళా కండక్టర్లు ఉండాలి, వాళ్ళను ఎన్నుకోవాల్సింది తోటి ఉద్యోగులే తప్ప మేనేజరు కాదు. డీజిలు పొదుపుకు బహుమతి ఇచ్చే సంస్థ, బస్సు ఆపమన్న మనిషికి కనీసం మెమో ఇవ్వకుండా ఉండాలి.

ఈ పని వాళ్ళ ఒక్కరిదే అనుకోవద్దు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల డిపోల పరిధిలో పనిచేస్తున్న మన సంఘాలు సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టాలి. గత ఏడాది డ్రైవర్లు బ్రేకుల గురించి ఎన్నిసార్లు రాశారు? అందులో ఎన్నిసార్లు బస్సును బయటికి పంపకుండా ఆపారు? సీట్లకు మించి టికెట్లు తెగిన ట్రిప్పులు ఎన్ని, ఆ రూట్లలో అదనపు బస్సు ఎప్పుడు వేశారు? జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన జవాబుల్ని పత్రికకు పంపండి, డిపోల పేర్లతో సహా వేద్దాం.