జెండా మీద పేర్లున్నాయిరా!

మొన్న శనివారం రాత్రి పదకొండింటికి డాలస్ నుంచి మా వాడి వాట్సాప్. ఒక ఫొటో, కింద రెండు ముక్కలు: "ఎస్టేట్ సేల్‌లో ఉన్నా. మూడొందల డాలర్లట. నీకు తీసుకోనా?"

ఎస్టేట్ సేల్ అంటే మన దగ్గర లేని వింత. ఇంటి పెద్దాయన పోయాక ఆయన కుర్చీ, కాఫీ కప్పులు, టైలు, ఫొటో ఫ్రేములు అన్నిటికీ ధర చీటీలు అంటించి, ఆ ఇంట్లోనే అమ్మేస్తారు. మా వాడు వారం వారం వాటి చుట్టూ తిరుగుతుంటాడు. నా పిచ్చి వాడికి తెలుసు. పాత నాణేలు, పతకాలు, మిలటరీ బటన్లు కనిపిస్తే నా చెయ్యి ఆగదు. మీ ఇంట్లో అమ్మ సూదీదారాలు పెట్టుకునే నీలం బిస్కెట్ డబ్బా ఉంటుంది చూశారూ, మా ఇంట్లో అలాంటి డబ్బా నిండా ఇవే.

ఫొటోలో ఉన్నది తెల్ల పట్టుగుడ్డ. మధ్యలో ఎర్రటి సూర్యుడు. జపాన్ జెండానే, కానీ సూర్యుడి చుట్టూ నల్ల సిరాతో కిరణాల్లా అక్షరాలు. ఓ మూల గోధుమరంగు మరక. "తీసేసుకో" అని టైప్ చేశాను కూడా. పంపేముందు ఆ రాతలేంటో చూద్దామని గూగుల్ లెన్స్ పెట్టాను. కుంచె రాత కదా, దానికి సగమే అంతుబట్టింది. అర్థమైనంతవరకు అన్నీ మనుషుల పేర్లే.

ఆ రాత్రి నిద్ర గోవిందా.

దీన్ని 'యోసెగాకి హినోమారు' అంటారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జపాన్ కుర్రాడికి సైన్యం నుంచి పిలుపొస్తే ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు, బళ్లో మాస్టార్లు, ఫ్యాక్టరీలో తోటివాళ్లు జెండా మీద తలో సంతకం చేసి ఇచ్చేవారు. చాలావాటి మీద పెద్దగా నాలుగక్షరాలుంటాయి: బు-ఉన్-చో-క్యూ. యుద్ధంలో నీ అదృష్టం చిరకాలం నిలవాలి అని. ఆ కుర్రాడు దాన్ని మడిచి యూనిఫాం లోపల దాచుకునేవాడు. పరీక్షకో, గల్ఫ్‌కో బయల్దేరేవాడి జేబులో అమ్మ విభూది పొట్లం పెడుతుందే, అలా అన్నమాట.

మరి అమెరికా సైనికుడికి అది ఎక్కడ దొరికి ఉంటుంది? చాలావరకు, చనిపోయినవాడి చొక్కా లోపల.

పసిఫిక్ దీవుల్లో అమెరికన్ సైనికులకు సావనీర్ల పిచ్చి మామూలుగా ఉండేది కాదు. కత్తి దొరికితే పండగే. జెండా అయితే ఇంకా సుఖం, బరువుండదు, జేబులో పడుతుంది. గిరాకీ ఎంతంటే, నేవీ నిర్మాణ దళం 'సీబీస్' కుర్రాళ్లు నకిలీ జెండాలు తయారుచేసి తోటి సైనికులకే అంటగట్టారు. ఇక్కడిదాకా నవ్వుకున్నాను. ఆ తర్వాత చదివింది నవ్వొచ్చేది కాదు. 1944 మే 22 నాటి 'లైఫ్' పత్రికలో ఒక ఫొటో వేశారు. ప్రియుడు యుద్ధం నుంచి పంపిన జపాన్ సైనికుడి పుర్రెను ఎదురుగా పెట్టుకుని, ఒకమ్మాయి అతనికి థాంక్యూ ఉత్తరం రాస్తోంది. అదే ఏడాది అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి ఒక కాంగ్రెస్ సభ్యుడు జపాన్ సైనికుడి చేతి ఎముకతో చేసిన ఉత్తరాల చాకు బహూకరించాడు. ఆయన తర్వాత దాన్ని వెనక్కిచ్చి, ఖననం చేయమన్నాడట.

అలాగని జెండాలు తెచ్చుకున్నవాళ్లంతా దుర్మార్గులని నేననను. పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు. బతికి బయటపడ్డామనడానికి ఏదో ఒక గుర్తు కావాలి. ఎనభై ఏళ్ల తర్వాత సోఫాలో కూర్చుని తీర్పు చెప్పడం నాకు సులువే.

సైపాన్ దీవిలో పోరాడిన ఒక అమెరికన్ మెరైన్ కథ చూడండి. 1944లో తన దళం నుంచి తప్పిపోయి నడుస్తుంటే ఒక జపాన్ సైనికుడి శవం కనిపించింది. ఒంటి మీద గాయం లేదు, నిద్రపోతున్నట్టు పడి ఉన్నాడు. చొక్కాలోంచి జెండా కనిపిస్తోంది. కాసేపు తటపటాయించి తీసుకున్నాడు. ఎప్పటికైనా తిరిగిచ్చేస్తానని ఆ శవానికే మాటిచ్చాడు. ఇంటికొచ్చాక మోంటానాలో తన తుపాకుల అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. ఎవరికివ్వాలో తెలియదు, ఆ రాత చదవలేడు. అలా ఏళ్లు గడిచాయి.

2017 ఆగస్టులో, 93 ఏళ్ల వయసులో, ఆయనే స్వయంగా జపాన్ వెళ్లాడు. గిఫు ప్రాంతంలో హిగాషి-షిరకావా అనే కొండపల్లె. జెండా మీద 180 సంతకాలు, అన్నీ ఆ ఊరివే. చనిపోయిన సైనికుడి తమ్ముడికి అప్పటికి 89 ఏళ్లు. జెండాలో మొహం దాచుకుని వాసన చూశాడు. అన్న వాసనేనన్నాడు. యుద్ధమయ్యాక ప్రభుత్వం ఆ ఇంటికి పంపిందేంటో తెలుసా? ఒక చెక్కపెట్టె, అందులో కొన్ని రాళ్లు. వాళ్ల అన్న ఎక్కడ, ఎలా పడి ఉన్నాడో ఆ ఇంట్లోవాళ్లకు చెప్పగలిగింది ఈ మెరైన్ ఒక్కడే. ఆ జెండా ముందే ఏ వేలంలోనో అమ్ముడైపోయి ఉంటే, ఆ కబురు కూడా దాంతోపాటే పోయేది.

ఆ ఊరిని కనిపెట్టింది 'ఓబాన్ సొసైటీ'. ఒరెగాన్‌లోని అస్టోరియాలో రెక్స్, కెయికో జియాక్ అనే భార్యాభర్తలు 2009లో మొదలుపెట్టారు. కెయికో తాతగారు బర్మాలో చనిపోయారు, మన సైనికులు కూడా పోరాడిన ఫ్రంట్ అది. ఆయన జెండా 2007లో కెనడా నుంచి ఇంటికి చేరింది. మిగతావాళ్లకూ ఎందుకు చేరకూడదన్నది వాళ్ల ఆలోచన. ఇప్పటికి వందల జెండాలు ఇళ్లకు చేర్చారు. ఊరి పేరో, గుడి ముద్రో, బడి పేరో ఒక్క ఆధారం దొరికితే చాలు, అక్కణ్నుంచి అల్లుకుపోతారు.

పొద్దున్నే మా వాడికి ఫోన్ చేశాను. "నేను వద్దంటే ఇంకెవడో కొని బార్‌లో వేలాడదీస్తాడు, అది బాగుంటుందా?" అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే. చెరి సగం వేసుకుని కొన్నాం. రెండు వైపులా ఫొటోలు తీసి వాళ్లకి పంపాడు.

ఫోన్ పెట్టేశాక నా బిస్కెట్ డబ్బా గుర్తొచ్చింది. అందులో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ ఉంది. హైదరాబాద్‌లో పాత వెండి కొనే కొట్లో తూకానికి కొన్నాను. ఇన్‌స్టాలో నాకు ఎక్కువ లైకులొచ్చిన పోస్టు అదే. దాని అంచు మీద నంబరు, హోదా, పేరు, మద్రాస్ శాపర్స్ అని చెక్కి ఉంది. మూడేళ్లుగా నా దగ్గరుంది, ఆ పేరు నేను ఒక్కసారీ పైకి చదవలేదు.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికాను. యుద్ధంలో పోయినవాళ్ల పట్టిక అది. అందులో ఆయన కనిపించలేదు. బహుశా తిరిగొచ్చి ఉంటారు. మరి పతకం కొట్టుకెలా వచ్చింది? ఏ కరువులోనో, ఏ పెళ్లి ఖర్చుకో ఇంట్లోవాళ్లే అమ్ముకుని ఉండొచ్చు. అలాగైతే నేను తిరిగిస్తే సంతోషిస్తారా, చిన్నబుచ్చుకుంటారా?

అమ్మకి అంచు చదివి వినిపించాను. "మరి వాళ్ల పిల్లలేరీ?" అంది.

పతకాలు సేకరించేవాళ్ల గ్రూపులో అంచు ఫొటో పెట్టి, 'ఈయన కుటుంబం గురించి ఎవరికైనా తెలిస్తే చెప్పండి' అని రాశాను. ఇప్పటికి మూడు జవాబులొచ్చాయి. మూడూ ఒకటే: "ఎంతకిస్తావ్ బ్రో?"