వెల లేని బలం

మా నారాయణగూడ ఇంటి మేడగదిలో ఆదివారాలు మనవడూ అతని మిత్రులూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను శ్రద్ధగానే గమనిస్తున్నాను. మొన్న యోధపాత్రధారి రెండు గంటలు కత్తి తిప్పగా, మాంత్రికుడు ఒక్క అగ్నిగోళంతో రంగం ముగించాడు. "తాతగారూ, అందరికీ సమానశక్తులిస్తే తగాదా తీరదా?" అన్నాడా యోధుడు.

తీరదు. 2008 నాటి నాలుగవ కూర్పు ఇంచుమించు ఆ పనే చేసింది. అన్ని పాత్రలకూ ఒకే మూసలో శక్తులు పంచింది. రుచి చచ్చిందని పలువురు దానిని విడిచారు.

మన పులిజూదం చూడండి. పులులు 3, మేకలు 15. పులి దూకి చంపగలదు. మేక దూకలేదు, చుట్టుముట్టి కదలనీయకుండా చేయగలదు. రెంటికీ ఒకే గతి ఇస్తే ఆటే లేదు.

బలానికి వెల ఉండాలి. కవచకుండలాలిచ్చి పొందిన శక్త్యాయుధం కర్ణునికి ఒక్కసారికే. అర్జునునికై దాచినది ఘటోత్కచునిపై వెచ్చించవలసి వచ్చింది గదా! 1974 నాటి తొలి కూర్పులో మాంత్రికునికి కవచం లేదు, మొదటి మెట్టున ఒక్కటే మంత్రం. 2014 నాటి అయిదవ కూర్పులో చిన్నమంత్రాలకు లెక్కే లేదు. పెద్దవాటికి దినపరిమితి ఉన్నదంటారు; ఒక్క పోరు ముగియగానే గుహలోనే పడక వేస్తే ఆ పరిమితి ఏపాటిది? దోషం యోధునిది కాదు, ఆ నిద్రది.

వచ్చే ఆదివారం నాలుగు పోరులు ముగిసేవరకు నిద్ర లేదని ఆట నడిపే మావాడితో చెప్పించాను. మాంత్రికుడు అలిగాడు.