పురుగు పులుసులో చస్తుంది, మందు చావదు

మొన్నటి పట్టుబడి సమయంలో గట్ల మీద అందరి ఫోన్లలోనూ ఒకటే వీడియో తిరిగింది. ఏదో నగరం మార్కెట్లో ఒకాయన శీలావతి చేపను పట్టుకుని, పొలుసుకు అంటుకున్న పేనును కత్తి మొనతో లేపి చూపిస్తాడు. ఆంధ్రా చేప తింటే ఈ పురుగులన్నీ కడుపులోకి పోతాయట. ఆ వారమే వల లాగిన మాకు, కొనే ఆయన కిలోకు 8 రూపాయలు కోసేశాడు. లాగిన చేపను మళ్లీ చెరువులో వదల్లేం కదా, ఇచ్చేశాం. అదే చేప అదే రాత్రి ఐసు పెట్టెల్లో హౌరా లారీ ఎక్కింది. అక్కడ తినేవాడికి ఆ 8 రూపాయలు తగ్గించారా అని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ముందు ఆ పేను సంగతి చెప్పుకుందాం. దాన్ని పుస్తకాల్లో ఆర్గులస్ అంటారు. రొయ్యకు, పీతకు దూరపు చుట్టం. బిళ్లలా చప్పగా ఉండి చేప ఒంటిని కరుచుకుని రక్తం పీలుస్తుంది. చేప మేత మానేస్తుంది, కర్రలకు ఒళ్లు రుద్దుకుంటుంది, పుండ్లు పడతాయి. అది చేపకు రోగం, మనకు నష్టం. మనిషికి మాత్రం అది అంటదు. పొలుసు తీసి కడిగితేనే పోతుంది. మిగిలిందేమైనా ఉంటే పొయ్యి మీద పులుసులో చస్తుంది.

చేపలోంచి మనిషికి వచ్చే పురుగులు అసలే లేవని మేము అనడం లేదు. థాయిలాండ్ ఈశాన్య జిల్లాల్లో మంచినీటి చేపను పచ్చిగా నూరుకుని తింటారు. దాంతో కాలేయంలో చేరే పురుగు ఏళ్ల తరబడి ఉండి పైత్యనాళాల క్యాన్సర్‌కు కూడా దారితీస్తుంది. జపాన్‌లో సముద్రపు చేపను పచ్చిగా తినేవాళ్లకు ఇంకో రకం పురుగు కడుపునొప్పి తెస్తుంది. అందుకే పచ్చిగా తినే చేపను ముందుగా మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించాలని అమెరికా, ఐరోపా దేశాల్లో నియమాలున్నాయి. మన ఇళ్లలో చేప కుతకుత ఉడకందే విస్తట్లోకి రాదు. ఈమధ్య పట్నాల్లో సగం కాల్చిన చేప తినే మోజు వచ్చింది, అది మానుకుంటే మంచిది. అంతకు మించి పురుగుకు భయపడాల్సిన పని లేదు.

భయపడాల్సింది వేరే ఉంది. ఆ వీడియో తీసినాయన దాని జోలికి పోలేదు, ఎందుకంటే అది కత్తి మొనకు దొరకదు.

పేను పడితే మనం ఏం చేస్తున్నాం? పత్తికి, మిరపకు కొట్టే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ తెచ్చి చెరువులో పోస్తున్నాం. గొర్రెలకు నట్టల మందుగా ఇచ్చే ఐవర్‌మెక్టిన్‌ను తవుడులో కలిపి పెడుతున్నాం. మోతాదు కాస్త మించితే చేపే తేలుతుంది. పేను రొయ్య జాతి కనుక, దాన్ని చంపే మందు నీళ్లలోని సన్న పురుగునీ చంపుతుంది. బొచ్చెకు తిండి అదే. పోనీ పేనన్నా పోతుందా అంటే, గుడ్డుకు ఈ మందు పట్టదు. రెండు మూడు వారాల్లో కొత్త పేను, మళ్లీ డబ్బా. పట్టుబడికి నాలుగు రోజుల ముందు మందు పోసిన చెరువులు మన మధ్యే ఉన్నాయి. దాచుకోవడం ఎందుకు, ఒక ఏడాది మేమూ పోశాం. ఆ చేపను మా ఇంట్లో వండుకోలేదు. వండుకోని చేపను అమ్మాం.

పాడిగేదెకు సూది వేస్తే ఇన్నాళ్లు పాలు వాడొద్దని పశువుల డాక్టరు చెప్తాడు. చెరువులో మందు పోశాక ఎన్నాళ్లు చేప పట్టకూడదో చెప్పే నాథుడేడీ? మా ఊళ్లో మత్స్య సహాయకుడు ఉన్నాడు, పాపం మంచి కుర్రాడే. చేతిలో సూక్ష్మదర్శిని లేదు. మొప్పలో ఉన్నది పురుగో బూజో తేల్చి చెప్పేది మందుల కొట్టాయనే, మందు అమ్మేదీ ఆయనే. అప్పు మీద ఇస్తాడు కాబట్టి కాదనలేం. కౌలు రైతుకైతే అసలు నోరే లేదు. ఎకరానికి కౌలు ముందే కట్టి, చేప చస్తుంటే చూస్తూ కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు?

నీటి సంగతి సరేసరి. బుడమేరు, తమ్మిలేరు దిగువన ఉన్నాం. ఊళ్ల మురుగు అందులోనే, మన చెరువుల మురుగూ అందులోనే. ఒకరి తూము వదిలిన పేను పక్కవాడి తూములోంచి లోపలికి వస్తుంది. ఒక్కడు బాగుచేసుకుంటే బాగుపడే రోగం కాదిది.

విదేశాలకు పోయే రొయ్యకు పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ పరీక్ష ఉంది. తేడా వస్తే కంటైనర్ తిప్పి పంపుతారని భయం. మన జనం తినే శీలావతికి చెరువు గట్టున అలాంటి పరీక్ష మేము ఇంతవరకు చూడలేదు. మనవాళ్ల కడుపు చవకా? పరీక్ష లేకపోతే నష్టం తినేవాడికే కాదు, మనకీ ఉంది. 2018 జూలైలో ఫార్మాలిన్ దొరికిందని అస్సాం ప్రభుత్వం మన చేపను 10 రోజులు ఆపేసింది. 2019 జనవరిలో పాట్నాలో 15 రోజులు ఆపారు. చేప పాడవకుండా ఫార్మాలిన్ కలిపింది ఎవరైనా, లారీలు ఆగి మునిగింది చెరువు రైతే. మా చెరువు చేపలో ఏమీ లేదని చూపించడానికి ఆనాడు మన చేతిలో ఒక్క కాగితం లేదు.

మన చేతుల్లో ఉన్నవి చేద్దాం. పేను గుడ్లు పెట్టేది గట్టి వస్తువుల మీద. మేత సంచులు కట్టే గెడలు దానికి పురిటిమంచాలు. వాటిని వారానికోసారి పీకి ఎండలో ఆరేసి, వేరేవి పాతుదాం. పిల్ల దించే ముందు చెరువు ఎండగట్టి సున్నం చల్లుదాం. తూముకు సన్నవల కడదాం. తెచ్చిన పిల్లను ఒంటిమీద పేను ఉందో లేదో చూడకుండా దించొద్దు. సందు ఇవ్వకుండా కుక్కిన చెరువులో ఎన్ని మందులు పోసినా పేను పోదు, ఇది మనలో కొందరికి చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

ప్రభుత్వం చేయాల్సింది మాత్రం మన గెడలతో తీరదు. ప్రతి రైతు సేవా కేంద్రంలో సూక్ష్మదర్శిని, దాన్ని చూడటం వచ్చిన మనిషి కావాలి. చెరువు మందు డబ్బా మీద ఏ మందు, ఎంత, వాడాక ఎన్ని రోజులు చేప పట్టకూడదు అన్నది తెలుగులో అచ్చు వేయాలి. పట్టుబడికి ముందు పరీక్ష మండలంలోనే, కౌలు రైతు పేరు మీద కూడా చేసి కాగితం ఇవ్వాలి.

ఈ మూడూ జిల్లా అధికారుల ముందు పెట్టేటప్పుడు ఊరికే నోటిమాట చెల్లదు. మీ గట్ల మీద పడి ఉన్న ఖాళీ డబ్బాలు పారేయకండి. లేబుల్ చించకుండా, బిల్లు ఉంటే బిల్లుతో సహా, వచ్చే నెల సమావేశానికి గోనెసంచిలో వేసి తీసుకురండి. కొట్టాయన బిల్లు ఇవ్వలేదంటే ఆ మాటే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి.