ఒక్క రైతు వల్ల కాని పని

రాయ్‌పూర్ ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ గారికి,



రాయ్‌పూర్‌లోని విశ్వవిద్యాలయానికి తెలుగులో ఉత్తరం ఏమిటని మీకు అనిపించవచ్చు. రాయ్‌పూర్, దుర్గ్, భిలాయిల్లో తెలుగు ఇళ్లకు కొదవ లేదు, వాళ్లు చదివి మీకు చెబుతారు. అంతకంటే గట్టి కారణం ఇంకొకటుంది. ఛత్తీస్‌గఢ్ మళ్లలో ఏళ్ల తరబడి పండుతున్న స్వర్ణ, ఎంటీయూ 1010 వరి రకాలు పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టినవి. విత్తనం మా వైపు నుంచి వచ్చింది, దాని వెనకే యూరియా బస్తాలూ వచ్చాయి. కాబట్టి మీ నేల మంచిచెడ్డల్లో మాకూ కొంత పూచీ ఉంది.

నేలకు జీవం తిరిగి పోసే సేద్యం గురించి ఇప్పుడు దేశమంతా మాట్లాడుతోంది. 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. శిక్షణలు, క్లస్టర్లు, కరపత్రాలు మీ కృషి విజ్ఞాన కేంద్రాల దాకా వస్తాయి. వాటికంటే ముందు, మీ గేటు దాటితే ఊళ్లలో కనిపించే ఉతేరా గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

మీకు తెలియనిది కాదు, తెలుగు పాఠకుల కోసం చెబుతున్నాను. కన్హార్, డోర్సా అనే బరువు నేలల్లో వరి ఇంకా కోతకు రాకముందే, మడిలో తడి ఉండగానే, నిలబడ్డ పైరులో తివరా గింజలు చల్లేస్తారు. తివరా అంటే మన కేసరి పప్పు. దుక్కి లేదు, ఎరువు లేదు, విడిగా నీళ్లు పెట్టేది లేదు. వరి కోసేనాటికి మొక్క నిలదొక్కుకుంటుంది. నేలలో మిగిలిన తేమతో, చలికాలపు మంచుతో మాఘ ఫాల్గుణాలకు గింజ కడుతుంది. కృష్ణా డెల్టా రైతుకు ఇది వింతగా ఉండదు. అక్కడ కోతకు రెండు మూడు రోజుల ముందు వరిచేలో మినుము, పెసర చల్లడం అలవాటే.

ఈ చిన్న పని వల్ల ఎన్ని జరుగుతాయో చూడండి. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు దించుతాయి. కోత అయ్యాక ఎండకు నెర్రెలిచ్చే మడి పచ్చగా కప్పుకొని ఉంటుంది. సాలీళ్లకు, పురుగులను తినే పురుగులకు తలదాచుకునే చోటు దొరుకుతుంది, వానపాము పైపొరలోనే ఉంటుంది. లేత కొసలు తుంచి ఇంట్లో తివరా భాజీ వండుకుంటారు. నూర్చాక వచ్చిన పొట్టు పశువులకు మంచి మేత. పప్పు మీద ఉన్న పాత భయానికీ మీ దగ్గరే మందు ఉంది. నెలల తరబడి అదే తింటే కాళ్లు పడిపోతాయని 1961లో అమ్మకాన్ని నిషేధించారు. దానికి కారణమైన విషపదార్థం బాగా తక్కువగా ఉండే మహాతివరా రకాన్ని తయారు చేసింది మీ విశ్వవిద్యాలయమే.

అలాంటి పంట ఎందుకు తగ్గిపోతోంది? మద్దతు ధర లేకపోవడం ఒక కారణం. వరికి క్వింటాలుకు 3,100 రూపాయలు, ఎకరాకు 21 క్వింటాళ్ల దాకా కొనుగోలు ఉన్నచోట రైతు మనసు ఇంకో గింజ మీదికి పోదు. బోరు ఉన్నవాడు వేసవిలోనూ వరే వేస్తాడు. కోత యంత్రం చక్రాలు మొలకలను తొక్కేస్తాయి. ఇవన్నీ నిజమే. అసలు దెబ్బ మాత్రం విడిచిన పశువులది. వానకాలంలో రోకా ఛేకా అని పశువులను కట్టేసే ఊరు, వరి ఇంటికి చేరగానే వదిలేస్తుంది. నలభై మంది మళ్లు ఖాళీగా ఉన్న చోట ఒక్కడు తివరా చల్లితే ఊరి మంద మొత్తానికి విందు పెట్టినట్టే. ఉతేరా ఊరంతా వేయాలి, లేదంటే ఎవరూ వేయలేరు.

మన విస్తరణ సేవలు ఇక్కడే తప్పుతాయని నా అభిప్రాయం. ఒక అభ్యుదయ రైతును వెతికి, అతని పొలంలో బోర్డు పాతి, ఫోటో తీసి, పక్కవాళ్లు చూసి నేర్చుకుంటారని ఎదురుచూస్తారు. విత్తన రకానికి ఆ పద్ధతి చెల్లుతుంది. నేలను ఏడాది పొడుగునా కప్పి ఉంచడం మాత్రం ఊరు కలిసి తీసుకోవలసిన నిర్ణయం. మందను ఏ తేదీ దాకా ఆపాలి, కాపరికి కూలి ఎవరివ్వాలి, అప్పటిదాకా మేత ఎక్కడ అన్నవి తేలకుండా ఎన్ని శిక్షణలు పెట్టినా దండగ.

గోఠాన్లు అనే ఊరి పశువుల ఆవరణలు ఈ ముడిని విప్పడానికి దగ్గరగా వచ్చాయి. 2020 జూలైలో, హరేలీ పండుగనాడు మొదలైన గోధన్ న్యాయ్ యోజన కింద కిలో రెండు రూపాయలకు పేడ కొన్నారు, మహిళా సంఘాలు వర్మీకంపోస్టు చేశాయి. సెంటు భూమి లేనివాళ్ల చేతికీ నాలుగు డబ్బులు వచ్చాయి. పైరాదాన్ పేరుతో రైతులు దానమిచ్చిన గడ్డి కూడా చేరింది. అయితే అందరి చూపూ పేడ లెక్కల మీదే నిలిచింది, మందను ఆపితే చేలో ఏం పండించవచ్చన్నది వెనకబడింది. ప్రభుత్వం మారింది, పథకం పోయింది. పార్టీలు, పథకాలు వస్తుంటాయి, పోతుంటాయి. విశ్వవిద్యాలయం మాత్రం 1987 నుంచి అక్కడే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం గురించి మీరు వినే ఉంటారు. 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో అదీ ఒకటి. తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి, 365 రోజులూ నేల పచ్చగా ఉండేలా చూడటం దాని ఆయువుపట్టు. పని ఊరూరా మహిళా సంఘాల ద్వారా సాగుతుంది. అక్కడా అంతా సవ్యంగా ఉందని చెప్పను. జీవామృతం కలిపే ఓపిక లేక, మార్కెట్ దొరక్క వెనక్కి మళ్లిన రైతులున్నారు. రాత్రికి రాత్రి రసాయన ఎరువులు మానేయమనీ నేను అడగడం లేదు. 2021 ఏప్రిల్‌లో శ్రీలంక అలా నిషేధించి, నవంబరుకల్లా వెనక్కి తీసుకుంది.

ఇక వరి శాస్త్రవేత్త రిఛారియా గారి సంగతి. 1970లలో ఆయన ఊరూరా తిరిగి సేకరించిన వేల దేశవాళీ వరి రకాలు మీ శీతల గదుల్లో ఉన్నాయి. 2002లో వాటి విషయంలో విత్తన కంపెనీ సింజెంటాతో మీ విశ్వవిద్యాలయం ఒప్పందానికి దిగినప్పుడు ఛత్తీస్‌గఢ్ ప్రజలు వీధికెక్కి ఆ సంపదను కాపాడుకున్నారు. కాపాడినవాళ్లకు అందులోంచి దక్కింది తక్కువ. నగరీ దుబ్‌రాజ్, జీరాఫూల్ వరి రకాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. యూరియా తక్కువైనా నిలబడేవి, ఉతేరాకు తగిన కాలంలో కోతకొచ్చేవి, పశువులకు పొడుగు గడ్డి ఇచ్చేవి ఆ గదుల్లో ఎన్ని ఉన్నాయో ఏరి రైతులకు ఇవ్వగలిగింది మీరొక్కరే.

వరి మాని పప్పులు, నూనెగింజలు వేసేవారికి కూడా కృషక్ ఉన్నతి యోజన కింద సాయం ఇవ్వాలని రాష్ట్రం 2025లో నిర్ణయించింది. మంచిదే. వరి మానకుండా, దాని వెనకే అదే మడిలో పప్పు వేసే ఊరికి కూడా సాయం అందాలని ప్రభుత్వానికి చెప్పవలసింది మీరు.

వచ్చే వానకాలానికి కొన్ని ఊళ్లను, పొలాలను కాదు, ఊళ్లనే ఎంచుకోండి. గ్రామసభలో పశువుల తేదీ తేల్చాకే విత్తనం పంచండి. అయిదేళ్ల పాటు సేంద్రియ కర్బనం, బావుల్లో నీటిమట్టం, వానపాములు, రైతు ఖర్చు, పాల దిగుబడి కొలవండి. ఫలితాలు మంచివైనా కాకపోయినా హిందీలో, ఛత్తీస్‌గఢీలో అచ్చువేసి ఆ ఊళ్ల పంచాయతీ గోడల మీదే అంటించండి. తెలుగులోకి తెచ్చే పని మేం చేస్తాం.

ఇట్లు,
రాయ్‌పూర్‌లో ఉంటున్న ఒక తెలుగు పాఠకుడు