ఆ నీళ్లను చెరువనుకోవద్దు

గుంట అంటే మన దగ్గర రెండర్థాలు. ఎకరంలో నలభయ్యో వంతు ఒకటి, నేలలో తవ్విన గొయ్యి ఇంకొకటి. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క పది మీటర్లకు పది మీటర్లు, అంటే దాదాపు గుంట జాగా. కామారెడ్డి, ఎల్లారెడ్డి గుట్టల్లో రాయికి, మొరానికి ఎంత నేల పోయిందో గుంటల్లోనే లెక్కగట్టొచ్చు. ఐదు రోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది, అదీ ఉచితంగా.

కానీ వానలు మొదలైతే ఆ లెక్క తప్పుతుంది. మబ్బు పడితే కెమెరాకు నేలే కనపడదు. మబ్బు విడిచేసరికి క్వారీ గొయ్యి నిండి ఉంటుంది. కంప్యూటర్ దాన్ని నీటి వనరుగా రాసుకుంటుంది. 2025 ఆగస్టు చివర కామారెడ్డిలో కుండపోత వాన కురిసింది కదా, అలాంటి వానకు ఏ గొయ్యి నిండదు? పటంలో తవ్వకం మాయమై చెరువు పుడుతుంది. తవ్వినవాడికి ఇంతకన్నా ఏం కావాలి!

పిల్లలు మోసపోయేదీ అక్కడే, ఆ గొయ్యిని చెరువనుకునే. చెరువు శిఖం వైపు నుంచి మెల్లగా లోతవుతుంది. కట్ట ఒక పక్కే ఉంటుంది. క్వారీ గొయ్యి నాలుగు వైపులా నిట్టనిలువు, మొదటి అడుగుకే కాలికి నేల అందదు. దొంగచాటుగా మొరం తవ్విన చెరువులోనూ ఇదే గండం. లోతెంతో మామూలు ఉపగ్రహ చిత్రం చెప్పదు.

2022లో ప్రపంచ గనుల పటం వెలువరించిన వియన్నా పరిశోధకులు కూడా పనిని యంత్రానికి వదల్లేదు. చిత్రాలను కంటితో చూసి హద్దులు గీస్తే గనుల నేల లక్ష చదరపు కిలోమీటర్లు దాటింది. మన దగ్గర అలా ఏటేటా ఎవరు చూస్తున్నారు? లీజు హద్దు చుట్టూ 500 మీటర్ల మేర ఉపగ్రహంతో కనిపెట్టే పద్ధతిని కేంద్రం 2016లోనే తెచ్చింది. రాయి, మొరం, ఇసుక మాత్రం రాష్ట్రం చూసుకోవాల్సినవి. జాతీయ దూర సంవేదన కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది, దూరాభారమని చెప్పుకోవడానికీ లేదు.

గనుల శాఖ ఎండాకాలపు చిత్రాలతో, గోతులు ఎండి ఉండగానే, పటం గీయించాలి. లీజు హద్దులతో పోల్చాలి. వానకు ముందే జాబితా ప్రతి పంచాయతీకి చేరాలి, కంచె పడాలి.

అందాకా తల్లిదండ్రులకు ఒక్క మాట. గుట్ట పక్కన నీళ్లు కనిపిస్తే కట్ట ఉందా, అలుగు ఉందా చూడండి. లేకపోతే, లేదా అది మొరం తవ్విన చెరువైతే, పిల్లల్ని అటు పోనివ్వకండి.